టాక్‌కు పూచీ ఎవరు?

మిర్చి కాయను విరిచి చూసినట్టే బొమ్మనూ విరిచి చూసే నేల ఇది. ఆ చూపు ఇప్పుడు అయిదు నక్షత్రాల్లోకి కుదించుకుపోతోంది. పోతున్నదేమిటి? నిలుపుకోవలసిందేమిటి?

శుక్రవారం పొద్దుటాట వదిలేసరికి హాలు గేటు దగ్గర వినపడే ప్రశ్న ఒక్కటే: ‘బొమ్మ ఎలా ఉంది?’ జవాబులు మాత్రం చాలా రకాలు. ‘ఫస్టాఫ్ పర్లేదు, సెకండాఫ్ సాగింది’, ‘ఆడోళ్లకి ఎక్కుద్ది’, ‘పిల్లల్ని తీసుకుపోవచ్చు’, ‘ఒకసారికి ఓకే’, ‘ఫ్యాన్స్‌కి పండగ, మనకి దండగ’, ‘టికెట్ డబ్బులకి మోసం లేదు’. గుంటూరు నాజ్ సెంటర్లో విన్నా, నరసరావుపేటలో విన్నా, చిలకలూరిపేట, చీరాల, ఒంగోలు హాళ్ల ముందు విన్నా ధోరణి ఇదే. ఈ మాటలన్నిటినీ కలిపి మనం టాక్ అంటాం. అది ఇంగ్లీషు మాటే గానీ ఈ అర్థంలో ఇంగ్లీషువాడికి తెలియదు. హిట్ టాక్, యావరేజ్ టాక్, మౌత్ టాక్ అని దానికి మళ్లీ శాఖలున్నాయి. సగంమంది బాగుందనీ సగంమంది బాగాలేదనీ అంటే ఆ తగువుక్కూడా ‘డివైడ్ టాక్’ అని పేరు పెట్టి లెక్కలో వేసుకున్నాం. ఒక మాటకు ఇన్ని కొమ్మలు మొలిచాయంటే దానితో జనానికి నిత్యం పని పడుతోందని అర్థం.

ఆ పని ఏమిటన్న దగ్గరే పేచీ. చదువుకున్నవాళ్లలో చాలామంది దాన్ని కాలక్షేపం కబుర్లుగా తీసేస్తారు. నిర్మాతకు అది గండం. అభిమానికి అది ఆయుధం. ముగ్గురూ దాని అసలు స్వభావాన్ని పక్కన పెట్టేస్తున్నారు. టాక్‌లో ఇష్టాయిష్టాలు ఉంటాయి, నిజమే. కానీ దాని ప్రధానమైన పని సరుకును పరీక్షించి, అది ఎవరికి పనికొస్తుందో తేల్చి, తెలిసినవాడికి చెప్పడం. ఒకరకంగా అది గ్రేడింగ్. గ్రేడు చెప్పినవాడికి పూచీ ఉంటేనే ఆ గ్రేడుకు విలువ. నేటి సినిమా చర్చలో జబ్బు ఏదైనా ఉంటే అది మాట్లాడేవాళ్లు ఎక్కువవడం కాదు, మాటలోంచి పూచీ జారిపోవడం. ఈ తేడా తెలియకపోతే జబ్బుకు బదులు నోటికి మందు వేస్తాం.

పెట్టె కంటే ముందు మాట

ఒకే రోజున అన్ని ఊళ్లలో బొమ్మ పడటం ఈమధ్య అలవాటు. రీళ్ల కాలంలో ప్రింటు ఖరీదైనది, అందుకే లెక్కకు తక్కువ. కొత్త సినిమా ముందు పెద్ద ఊళ్లలో పడేది. అక్కడ ఆడి, గీతలు పడ్డాక ఆ ప్రింటు పెట్టె చిన్న పట్నాలకు, ఆనక టూరింగ్ టాకీసు డేరాలకు చేరేది. వారాలు పట్టేది, ఒక్కోసారి నెలలు. ఈలోగా పెట్టె కంటే ముందే మాట ఊళ్లోకి వచ్చేది. పత్తి తోలుకుని గుంటూరు వెళ్లిన రైతు, కోర్టు వాయిదాకు వెళ్లిన పెద్దమనిషి, కాలేజీలో చదువుకునే కుర్రాడు తిరిగొచ్చి చెప్పిందే ఆ ఊరికి టాక్. చెప్పినవాడు రేపూ అదే అరుగు మీద కూర్చోవాలి. అతని మాట నమ్మి బండి కట్టుకుపోయినవాళ్లు తిరిగొచ్చి అతన్నే నిలదీస్తారు. రెండుసార్లు తప్పు చెప్పినవాడిని మూడోసారి ఎవరూ అడగరు. పూచీ అన్నది చట్టంలోంచి గానీ నీతిబోధలోంచి గానీ రాలేదు, రేపు మళ్లీ కలవాల్సి రావడంలోంచి వచ్చింది.

ఈ అలవాటు సినిమాతో పుట్టిందీ కాదు. అంతకుముందే ఈ గుంటూరు-ఒంగోలు మైదానం పద్యనాటకానికి పెట్టింది పేరు. బాపట్ల ప్రాంతం స్థానం నరసింహారావును ఇచ్చింది, సుద్దపల్లి ఈలపాట రఘురామయ్యను ఇచ్చింది. పద్యం నచ్చితే ‘వన్స్‌మోర్’ అనడం, నచ్చకపోతే ఈల వేసి గోల చెయ్యడం ప్రేక్షకుడి హక్కు. వన్స్‌మోర్ అన్నది బహుశా మనకు తెలిసిన అతి చిన్న సమీక్ష. అయితే అది ఊరికే దొరకదు. అంతకుముందు ఇదే పద్యాన్ని పదిమంది నోట విన్నవాడు, రాగం ఎక్కడ జారిందో పట్టగలిగినవాడు నేలమీద కూర్చుని ఇచ్చే తీర్పు అది. దీనికి తోడు పుస్తకం ఉంది. వేటపాలెంలో సారస్వత నికేతనం గ్రంథాలయం 1918లోనే మొదలైంది. తెనాలిలో త్రిపురనేని రామస్వామి ‘సూతపురాణం’, ‘శంబుకవధ’ రాసి పురాణాన్ని కూడా నిలబెట్టి ప్రశ్నించవచ్చని చూపించారు. ఆ తెనాలిలోనే పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు సినిమాను సాహిత్యంతో సమానంగా పట్టించుకుని వ్యాసాలు రాశారు. అక్కడి ఐతానగర్ నుంచి వచ్చిన చక్రపాణి ‘మిస్సమ్మ’, ‘మాయాబజార్’, ‘గుండమ్మ కథ’ తీసిన విజయా సంస్థకు ఒక మూలస్తంభం. చూసి ప్రశ్నించేవాడూ తీసి మెప్పించేవాడూ ఒకే ఊరి నీళ్లు తాగారు.

ఈ నేపథ్యం ఎంత బలమైనదో చూడాలంటే 1977 సంక్రాంతి చాలు. ఆ జనవరి 14న రెండు భారత కథలు పోటీపడ్డాయి. ఒకటి ఎన్టీఆర్ తానే తీసి, తానే కృష్ణుడు, దుర్యోధనుడు, కర్ణుడు అయిన ‘దాన వీర శూర కర్ణ’. రెండోది కమలాకర కామేశ్వరరావు దర్శకత్వంలో కృష్ణ, శోభన్‌బాబు, కృష్ణంరాజు కలిసి నటించిన ‘కురుక్షేత్రం’. కృష్ణది తెనాలి పక్కన బుర్రిపాలెం, అంటే ఈ గడ్డ బిడ్డ. తారాబలం రెండో వైపే ఎక్కువ. నెగ్గింది మాత్రం మూడుమ్ముప్పావు గంటల నిడివి ఉన్న మొదటి సినిమా. ఎన్టీఆర్‌కున్న పౌరాణిక ప్రతిష్ఠ అందుకు పెద్ద కారణమే. కానీ ఈ ప్రాంతంలో దాన్ని మరోలా కూడా చూడొచ్చు. పద్యనాటకంలో దుర్యోధనుణ్ని వందసార్లు చూసినవాళ్లకు కావలసింది యుద్ధపు హంగు కంటే వాచికం. ఆ వాచికాన్ని రాసింది ఈ గుంటూరు సీమకే చెందిన విప్పర్ల వాసి కొండవీటి వెంకటకవి. ఊరి హీరో అన్న అభిమానం ఒక తక్కెడలో, విన్న చెవుల అనుభవం ఇంకో తక్కెడలో ఉన్నప్పుడు రెండోది మొగ్గిందనుకోవడానికి ఆస్కారం ఉంది. టాక్ అంటే గుడ్డి అభిమానమే అయ్యుంటే ఆ ఫలితం ఇక్కడ మింగుడుపడేది కాదు.

యార్డు నేర్పిన లెక్క

దీనికి మొదటి అభ్యంతరం సిద్ధంగా ఉంటుంది. మిరపకాయకు రంగు, తేమ, ఘాటు అనే కొలతలున్నాయి. సినిమాకు కొలతేది? లోకో భిన్నరుచిః అన్నారు గదా, ఒకడికి అమృతం ఇంకొకడికి విషం అయినచోట గ్రేడింగ్ ఏమిటి? ఈ ప్రశ్న వేసేవాళ్లు మిర్చి యార్డు ఎలా నడుస్తుందో చూడనివాళ్లయి ఉండాలి. గుంటూరు యార్డులో టిక్కీ (మిర్చి బస్తా) విప్పి, గుప్పెడు కాయ తీసి, రంగు చూసి, విరిచి, గలగలలాడించి ధర చెబుతారు. కానీ అన్ని రకాలకూ ఒకే కొలత వాడరు. తేజను ఘాటుకు అడుగుతారు, బ్యాడిగిని రంగుకు అడుగుతారు. పచ్చడికి కావలసిన కాయ వేరు, కారప్పొడి మిల్లుకు కావలసింది వేరు, ఎగుమతికి పోయేది వేరు. ‘ఇది మంచి కాయేనా’ అన్న ప్రశ్నకు యార్డులో అర్థం లేదు. ‘దేనికి మంచిది’ అనాలి. పత్తి దగ్గరా అంతే. పింజ పొడవు ఎంత, తేమ ఎంత అని చూస్తారు. భారత పత్తి సంస్థ 8 శాతం తేమ వరకు పూర్తి మద్దతు ధర ఇస్తుంది, 12 దాటితే కొననంటుంది. రైతుకు ఈ లెక్క ఎంత కడుపుమంట తెప్పించినా లెక్క ఏమిటో ముందే తెలుసు గనుక దానితో పోట్లాడగలడు.

మన టాక్ కూడా ఇదే తీరులో ఎదిగింది. ‘ఆడోళ్లకి ఎక్కుద్ది’ అన్నవాడు తనకు నచ్చిందో లేదో చెప్పడం లేదు, సరుకు ఏ వాడకానికో చెబుతున్నాడు. ‘ఇంటర్వెల్ బ్యాంగ్ అదిరింది, క్లైమాక్స్ తేలిపోయింది’ అన్నవాడు బస్తాలో ఏ పొర కాయ బాగుందో, ఏ పొరలో తాలు కలిసిందో విడదీస్తున్నాడు. రుచుల తేడా గ్రేడింగును చెరపదు. రుచులు వేరువేరు గనుకనే గ్రేడింగ్ అవసరం. అందరి నాలుకా ఒకటే అయితే ఒక్కడు చూసొచ్చి తలాడిస్తే సరిపోయేది.

ఈ పరీక్ష ఇక్కడ ఇంత పట్టుదలగా సాగడానికి డబ్బు కూడా కారణం. మెట్ట పంటల ఊళ్లలో చేతిలో రొక్కం ఏడాది పొడుగునా ఆడదు. పత్తి తీతలు అయ్యాక, మిరప కోతలు మొదలయ్యాక కాస్త ఆడుతుంది. సంక్రాంతికి పెద్ద సినిమాలు వరసకట్టడం వెనుక పండగ ఎంత ఉందో పంట డబ్బూ అంతే ఉంది. తెల్లదోమ పత్తిని మింగేసిన 1987-88 లాంటి ఏడాదిని కూడా ఈ జిల్లాలు చూశాయి. ఇలాంటిచోట నలుగురున్న ఇల్లు సినిమాకు పోవడం చిన్న నిర్ణయం కాదు. టికెట్, ఆటో, తినుబండారాలు, ఒక పూట కూలి కలిపితే తప్పుడు టాక్ ఖరీదు తేలుతుంది. 2021 ఏప్రిల్‌లో అప్పటి ప్రభుత్వం జీవో 35తో పల్లెటూరి మామూలు హాల్లో అడుగు తరగతి టికెట్‌ను అయిదు రూపాయలకు దించింది. ఆ ధరకు హాళ్లు నడవవన్న గొడవ రేగి, 2022 మార్చిలో రేట్లు మార్చారు. 2024 డిసెంబరుకు వచ్చేసరికి ‘పుష్ప 2’ ముందురోజు ఆటకు టికెట్ 800 రూపాయలు పెట్టుకోవడానికి అనుమతి దొరికింది. మూడున్నరేళ్లలో లోకం ఈ కొస నుంచి ఆ కొసకు పోయింది. అయిదు రూపాయల టికెట్‌కు టాక్ అక్కర్లేదు, పోయి చూసి రావచ్చు. వందలు పెట్టి కొనే టికెట్‌కు పూచీ ఉన్న మాట కావాలి. సరిగ్గా ఈ అవసరం పెరిగిన కాలంలోనే పూచీ తగ్గడం మన దురదృష్టం.

తెల్లారకముందే డాలస్ నుంచి

పూచీ ఎలా తగ్గిందో చూద్దాం. మొదట మాట దిక్కు మారింది. ఒకప్పుడు గుంటూరు నుంచి పల్లెకు పోయిన టాక్ ఇప్పుడు డాలస్, న్యూజెర్సీల నుంచి గుంటూరుకు వస్తోంది. అమెరికాలో ముందురోజు సాయంత్రం పడే ప్రీమియర్లు మనకు శుక్రవారం తెల్లవారుజాము. కోడి కూసేసరికి ‘అక్కడ పోయిందట’, ‘అక్కడ అదిరిందట’ అన్న వార్త ఫోన్లలో ఉంటుంది. అక్కడి తెలుగువాళ్ల అభిప్రాయాన్ని తక్కువ చెయ్యనక్కర్లేదు. కానీ డాలర్లలో టికెట్ కొని, ఆ ఊరి మల్టీప్లెక్సులో, ఆ జీవితపు అలసటలోంచి సినిమా చూసినవాడి గ్రేడు వేరే వాడకానికి ఇచ్చిన గ్రేడు. రంగుకు ఇచ్చిన ధరను ఘాటుకు అంటగట్టినట్టు దాన్ని యథాతథంగా వినుకొండకు అంటగడుతున్నాం.

తర్వాత, మొదటి మాట చెప్పేవాడు మారాడు. ఎక్కువ ధర పెట్టి అర్ధరాత్రి ఆటకు పోయేవాడు మామూలు ప్రేక్షకుడు కాడు, వీరాభిమాని. తనవాడి సినిమాకు అంత ఖర్చుపెట్టి, నిద్ర చెడగొట్టుకున్నవాడు బాగాలేదని ఒప్పుకుంటే తన ఖర్చునూ తన నిద్రనూ తానే వెక్కిరించుకున్నట్టు. అదే హాల్లో అవతలి హీరో మనిషి ఉంటే అతనికి బాగుందని ఒప్పుకోవడం కష్టం. ఇద్దరిదీ ముందే రాసిపెట్టుకున్న తీర్పు. పాతరోజుల్లోనూ అభిమాన సంఘాలున్నాయి, కటౌట్లు, పాలాభిషేకాలు ఉన్నాయి, వంద రోజుల పోస్టరు కోసం ఖాళీ హాళ్లలో బొమ్మను ఆడించిన ఘనతా ఉంది. కానీ వాళ్ల మాటను ఊరు వడగట్టేది. ‘వాడు ఫ్యాన్‌లే’ అన్న ఒక్క ముక్కతో ఆ టాక్‌కు తేమ కోత పడేది. ఫోన్లో ఆ కోత వేసేవాడు లేడు. ముఖం లేని ఖాతా ఎవరిదో, ఎందుకు మాట్లాడుతోందో తెలియదు.

చివరగా మాటే అంకె అయిపోయింది. అయిదుకు రెండున్నర, పదికి ఏడు. ఎందుకు, ఎవరికి అన్నవి అంకెలో ఇమడవు. మాటను మోసగించడానికి మనిషి కావాలి, అంకెను మోసగించడానికి యంత్రం చాలు. 2024 జనవరిలో ‘గుంటూరు కారం’ విడుదలైనప్పుడు టికెట్ల యాప్‌లో బాట్లతో కావాలనే అడుగు రేటింగులు గుద్దారని సైబర్ పోలీసులకు ఫిర్యాదు వెళ్లినట్టు వార్తలొచ్చాయి. అదే ఏడాది ఏప్రిల్‌లో ‘ఫ్యామిలీ స్టార్’ మీద పనిగట్టుకుని దుష్ప్రచారం సాగుతోందని మరో ఫిర్యాదు. పొగడ్త వైపు ఇదే పని జరగడం లేదని నమ్మేంత అమాయకులం ఎవరం లేం. బస్తా పైన ఎర్రటి కాయ పేర్చి అడుగున తాలు కలపడం గుంటూరుకు కొత్త కాదు. కాకపోతే యార్డులో బస్తా బోర్లించి చూసే హక్కు కొనేవాడికుంది. అంకెను బోర్లించి చూసే దారి ప్రేక్షకుడికి లేదు.

రెండు సంక్రాంతుల సాక్ష్యం

ఇంత జరిగినా పాత టాక్ చచ్చిపోలేదనడానికి వరసగా రెండు సంక్రాంతులు సాక్ష్యం చెబుతాయి. 2024 జనవరి 12న ‘గుంటూరు కారం’, ‘హనుమాన్’ ఒకేరోజు వచ్చాయి. మొదటిదానికి మహేష్‌బాబు, త్రివిక్రమ్, మిర్చి యార్డు పేరు, గుంటూరులోనే జరిపిన ప్రీ రిలీజ్ వేడుక. హాళ్లలో సింహభాగం దానిదే. రెండోదానికి తేజ సజ్జా అనే కుర్ర హీరో, మిగిలిన కొద్దిపాటి హాళ్లు. మొదటిదానికి తెల్లవారుజాము ఆటల నుంచే డివైడ్ టాక్. రెండోదానికి ‘పిల్లల్ని తీసుకుపోవచ్చు’ అన్న మాట ఇంటింటికీ పాకింది. రోజులు గడిచేకొద్దీ ‘హనుమాన్’కు హాళ్లు పెరిగాయి. నిర్మాతల లెక్క ప్రకారం వసూళ్లు 300 కోట్లు దాటాయి. అలాగని ‘గుంటూరు కారం’ను టాక్ చంపేసిందీ లేదు. పండగ జనం, అభిమాన గణం దాన్ని మోశారు. దానిలోని పాట ఊరూరా మోగింది. అంటే టాక్ ఒక సినిమాను పైకి లేపింది, ఇంకో సినిమాను దాని వాడకందారుల దగ్గరే ఉంచింది. గ్రేడింగ్ చెయ్యవలసిన పని అదే.

మరుసటేడు సాక్ష్యం ఇంకా తేటగా ఉంది. 2025 జనవరి 10న ‘గేమ్ ఛేంజర్’, 14న ‘సంక్రాంతికి వస్తున్నాం’ వచ్చాయి. రెండూ దిల్ రాజు సంస్థ నుంచే వచ్చాయి కాబట్టి ఒకరిపై కక్ష, ఒకరిపై ప్రేమ అన్న వాదన నిలవదు. మొదటిది శంకర్, రామ్‌చరణ్‌ల భారీ చిత్రం, అర్ధరాత్రి ఆట టికెట్‌కు 600 రూపాయల అనుమతి. రెండోది అప్పటి ప్రకాశం జిల్లా చిలుకూరివారిపాలెం నుంచి వెళ్లిన అనిల్ రావిపూడి తక్కువ ఖర్చులో తీసిన ఇంటిల్లిపాది సినిమా. సమీక్షకులు దాన్నేమీ నెత్తిన పెట్టుకోలేదు. కానీ వంటింట్లో, అరుగుమీద, కోతల దగ్గర ‘నవ్వుకుని రావచ్చు’ అన్న గ్రేడు పడింది. మొదటిది నష్టాల పద్దులో చేరింది, రెండోది 300 కోట్ల లెక్క చెప్పింది. కళగా ఏది గొప్పదన్న ప్రశ్నకు ఇది జవాబు కాదు, ఆ ప్రశ్న వేరే. పండగపూట ఇంటిల్లిపాదికి ఏది సరిపోతుందన్న ప్రశ్నకు మాత్రం జనం చెప్పుకున్న మాట ప్రచారం కంటే నిజాయితీగా పనిచేసింది.

నోరు కడితే తీరేనా?

రెండో అభ్యంతరం నిర్మాతలది, తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. ఒక సినిమా మీద వందల కోట్లు, వేలమంది కూలి ఆధారపడతాయి. గుంటూరు ఏరియా హక్కులు కొన్న పంపిణీదారు అప్పు తెచ్చి కొంటాడు. తొలి ఆట మధ్యలోనే ఎవడో ఫోన్ తీసి ‘పోయింది’ అని రాస్తే ఆ అప్పు మునిగిపోతుంది. అందుకని కొన్నాళ్లు సమీక్షలు ఆపాలన్న వాదన దక్షిణాదంతా వినిపిస్తోంది. కేరళ హైకోర్టు నియమించిన న్యాయ సహాయకుడు 2024లో 48 గంటలు ఆగితే మంచిదని సూచించారు. అదే ఏడాది చివర్లో తమిళ నిర్మాతల సంఘం ఒకటి మూడు రోజుల నిషేధం కోరుతూ మద్రాసు హైకోర్టుకు వెళ్లింది. భావప్రకటన స్వేచ్ఛ ఉందంటూ కోర్టు మధ్యంతర ఉత్తర్వుకు ఒప్పుకోలేదు.

కోర్టు మాట అలా ఉంచి, న్యాయం మాట చూద్దాం. విడుదలకు నెలల ముందు నుంచి టీజరు, ట్రైలరు, పాట, ప్రీ రిలీజ్ వేడుక అంటూ పొగడ్త ప్రవహిస్తుంది. ఆ పొగడ్తకు 48 గంటల విరామం ఎవరూ అడగలేదు. అమ్మేవాడు మాట్లాడొచ్చు గానీ కొనేవాడు కొన్నాక కూడా నోరు విప్పకూడదంటే అది వ్యాపారం కాదు. పైగా ఆ మూడు రోజుల్లోనే అధిక ధరలకు టికెట్లు అమ్ముడుపోతాయి. మూడు రోజుల మౌనం ఎవరి జేబుకు కాపలానో చెప్పనక్కర్లేదు. అన్నిటికంటే ముఖ్యమైంది, టాక్ ఆగితే మునిగేది చిన్న సినిమా. 1980 ఫిబ్రవరిలో ‘శంకరాభరణం’ వచ్చినప్పుడు అందులో మార్కెట్ ఉన్న హీరో లేడు, తొలిరోజుల్లో హాళ్లు పలచగానే ఉన్నాయి. చూసినవాళ్లు చెప్పగా చెప్పగా నిండాయి. మాటను మూడు రోజులు కట్టేసి ఉంటే అలాంటి సినిమాలకు నాలుగో రోజున హాలే మిగలదు. ‘హనుమాన్’ కథా అదే అయ్యేది. పెద్ద సినిమా ప్రచారంతో బతకగలదు, చిన్న సినిమాకు మాటే తిండి. అబద్ధపు రేటింగులు గుద్దేవాడి మీద కేసు పెట్టండి, అది మోసం. చూసొచ్చి బాగాలేదన్నవాడు మోసగాడు కాడు.

అరుగు అందరిదీ కాదు

మూడో అభ్యంతరం అన్నిటికంటే పదునైనది, ఈ వ్యాసం మీదే గురిపెట్టినది. అరుగు, పూచీ అంటూ పాతకాలానికి పాలు పోస్తున్నారు గానీ ఆ అరుగు మీద కూర్చున్నది ఎవరు? ఆడవాళ్లు కారు. దళితులు కారు. నిజం. చీకట్లో అందరూ ఒకే తెర చూసే చోటు గనుక సినిమా హాలు కులాన్ని మరిపించిందని మురిసిపోయేవాళ్లు చుండూరును గుర్తుచేసుకోవాలి. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిదిమంది దళితులను ఊచకోత కోశారు. అంతకు నెల ముందు ఉద్రిక్తతను రాజేసిన ఘటన ఒక సినిమా హాల్లో దళిత యువకుడి కాలు ముందుసీటులోని అగ్రకులపు కుర్రాడికి తగలడం. కాలు తగిలితేనే సహించని హాల్లో గొంతు విప్పి ‘మీ హీరో సినిమా బాగాలేదు’ అనగలిగింది ఎవరు? అభిమాన సంఘాలు కులాల వారీగా గీతలు గీసుకున్న ఊళ్లలో టాక్ చాలాసార్లు బలవంతుడి టాకే.

ఈ లెక్కన ఫోన్ చేసిన మేలు చిన్నది కాదు. మిరప కోతలకు ట్రాలీ ఆటోలో పోయే కూలీ తల్లి, హాస్టల్ గదిలోని డిగ్రీ అమ్మాయి, పల్లె చివరి వాడలోని కుర్రాడు అరుగు దగ్గర దొరకని మాటను అక్కడ పొందారు. ఒక సినిమాలో తమ కులాన్ని, తమ యాసను, తమ ఆడవాళ్లను ఎలా చూపించారన్న ప్రశ్న ఇప్పుడు తొలిరోజే పైకి వస్తోంది. వీళ్లలో చాలామందికి పేరు దాచుకోవడమే రక్షణ. కాబట్టి పూచీ అంటే పేరూ ఊరూ ఆధారు నంబరూ చెప్పడం అన్న అర్థం తీస్తే మళ్లీ పాత అరుగు బలవంతుడికే రాసిచ్చినట్టవుతుంది.

పూచీకి ఇంకో అర్థం ఉంది, పాత టాక్‌లోనే దాగి ఉంది. కారణం చెప్పడం, ఎక్కడ కూర్చుని చూస్తున్నానో చెప్పడం. 2020 నవంబరులో కరోనా వేళ హాలు ముఖం చూడకుండా నేరుగా ఓటీటీలో వచ్చిన ‘మిడిల్ క్లాస్ మెలొడీస్’నే తీసుకోండి. కొలకలూరు నుంచి గుంటూరు వచ్చి హోటల్ పెట్టాలనుకునే కుర్రాడి కథ, బొంబాయి చట్నీ దానికి ఆయువుపట్టు. ఆ సినిమాలో అప్పు తెచ్చుకునే తీరు, తండ్రి కసురుకునే యాస, కొట్టు అద్దెకు తిరిగే తిప్పలు సహజంగా ఉన్నాయా లేవా అని చెప్పడానికి ఈ ప్రాంతపు మనిషి కంటే అర్హుడు లేడు. అంతకు ఏడేళ్ల ముందు మిర్చి యార్డును కథలోకి తెచ్చిన ‘ఒంగోలు గిత్త’ విషయంలోనూ అంతే. యార్డులో నిజంగా బస్తా మోసినవాడు ‘ఇది మా యార్డు కాదు’ అంటే ఆ మాట వెనక జీవితం ఉంది. వాడి పేరు మనకెందుకు? వాడు చూపిన ఆధారం చాలు. అభిమాని కూడా ‘నేను ఫలానా వారి మనిషిని, అయినా సెకండాఫ్ సాగింది’ అన్నాడంటే ఆ ఒక్క మాట పది నక్షత్రాల పెట్టు.

గ్రేడు ఇచ్చే బాధ్యత

అందువల్ల తేలేదేమిటంటే టాక్‌ను బాగుచేసే పని కోర్టులదీ కాదు, యాప్‌లదీ కాదు. యాప్‌లు టికెట్ కొనని ఖాతా రేటింగును లెక్కలోంచి తీసెయ్యాలి, నిర్మాతలు కొనుక్కున్న పొగడ్తను ప్రకటన అని ఒప్పుకోవాలి, అంతవరకు సరే. మిగిలిన పనంతా అడిగేవాడిదీ చెప్పేవాడిదీ. అడిగేవాడు ‘హిట్టా ఫట్టా’ అని అడిగినంతకాలం అంకెలే జవాబుగా వస్తాయి. ‘మా అమ్మకు నచ్చుతుందా’, ‘కథకోసం పోవచ్చా, ఫైట్లకోసమా’, ‘ఆరొందలు పెట్టాలా, వారం ఆగి పోవచ్చా’ అని అడిగితే చెప్పేవాడికి ఆలోచించక తప్పదు. చెప్పేవాడు తనకు నచ్చనిది ఇంకెవరికి నచ్చుతుందో కూడా చెప్పగలిగితే సగం సమీక్షకుడైనట్టే. తనకు ఎందుకు నచ్చలేదో చెప్పగలిగితే మిగతా సగమూ అయినట్టే.

ఈ మైదానానికి ఆ విద్య కొత్తగా నేర్పవలసిన పని లేదు. పద్యానికి వన్స్‌మోర్ చెప్పిన చెవి, కాయను విరిచి చూసిన చెయ్యి, అప్పు పుట్టే ముందు తూకం అడిగిన నోరు ఇక్కడివే. తడి పత్తిని మంచి పత్తి అని చెప్పి అమ్మినవాడికి మరుసటేడు ఆ గడప తొక్కే మొహం ఉండదని ఇక్కడ చిన్నపిల్లలకూ తెలుసు. వచ్చే శుక్రవారం గేటు దగ్గర ‘బొమ్మ ఎలా ఉంది?’ అని ఎవరైనా అడిగితే వేళ్లు చూపి నంబరు చెప్పకుండా ఒక్క క్షణం ఆగి ‘నీకా, మీ ఇంట్లోవాళ్లకా?’ అని ఎదురడగడం చాలు. పూచీ మొదలయ్యేది ఆ ఎదురు ప్రశ్న దగ్గరే.